నాయన చేతి చెక్కలు

నేను చెక్కభజన చెక్కల జతను. కడప జిల్లా ఒంటిమిట్టకు దగ్గరలో ఒక పల్లె మాది. ఆచారి నన్ను పనస మానులోంచి తొలిచి, సందుల్లో ఇత్తడి బిళ్లలు బిగించాడు. ముక్కలు రెండైనా గొంతు ఒక్కటే. నన్ను చేయించుకున్నది సేద్యం చేసుకునే మనిషి. పగలు అరటితోటలో, రాత్రయితే రామాలయం ముందు గుంపులో ఉండేవాడు. గురువు పాట ఎత్తుకుంటే అందరూ గుండ్రంగా నిలబడి వెనక అందుకునేవాళ్లు. అడుగు మార్చి, వంగి లేచి, గజ్జెలు ఒక్కసారిగా ఘల్లుమంటే చూసేవాళ్ల కాళ్లు కూడా నిలిచేవి కావు.

బోరు ఎండింది. అప్పు మీద పడింది. ఇటువైపు పల్లెల్లో అప్పు తీరాలంటే ఎక్కువమందికి కనబడే దారి కువైట్. ఆయనా ఒక ఇంట్లో డ్రైవరు పనికి వెళ్లాడు. పోయేముందు నన్ను పాత తువ్వాలులో చుట్టి దూలానికి కట్టాడు. వారానికోసారి ఫోనులో కొడుకుతో, "నేనొచ్చినాక నీకు అడుగులు నేర్పిస్తాలేరా" అనడం పైనుంచి వినేవాణ్ణి.

ఆయన రాలేదు, పెట్టె వచ్చింది. చెన్నై విమానాశ్రయం నుంచి అంబులెన్సులో తెల్లారుజామున దించారు. చనిపోయి చాలా రోజులైందని పెట్టె మూత తీయనివ్వలేదు. కొరివి చిన్నాయన పెట్టాడు. పిల్లాడికి అప్పుడు ఏడేళ్లు. నాయన మొహం చూడనేలేదు, ఇక పోయాడని ఎట్లా నమ్ముతాడు? ఫోను మోగితే చాలు, తింటున్న కంచం వదిలి పరుగెత్తేవాడు.

వచ్చినవాళ్లంతా ఒకటే మాట: "మీ నాయన దేవుడి దగ్గరికి పోయినాడు." ఆ మాట వాళ్లు ప్రేమతోనే అన్నారు. కానీ పసివాడికి అది ఓదార్పు కాలేదు. "అయితే దేవుణ్ణి పంపీమను" అన్నాడు. గుడి ముందునుంచి నడవడం కూడా మానేసి, బడికి చుట్టుదారిలో పోయేవాడు.

ఒక సాయంత్రం వాళ్ల జేజి నన్ను కిందికి దించి, దుమ్ము తుడిచి, పిల్లాడి చేయి పట్టుకుని భజన గురువు దగ్గరికి తీసుకుపోయింది. "వాళ్ల నాయన చెక్కలన్నా ఇవి. వీనికి నేర్పు" అంది. చాలా ఏళ్ల వాడకంలో ఆయన బొటనవేలు నా మీద చిన్న గుంట చేసింది. పిల్లాడి వేలు అందులో వదులుగా తిరిగింది. పట్టు కుదరక నేను రెండుసార్లు కిందపడ్డాను. గురువు కోప్పడలేదు. చెక్కలు పక్కన పెట్టించి కూర్చోబెట్టాడు.

"రామునికి నాయన ఎట్ల పోయినాడో తెలుసా సామీ?"

పిల్లాడు తలెత్తాడు. రాముడికి కూడా నాయన పోయాడన్న సంగతి వాడికి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

గురువు అయోధ్యకాండ చెప్పాడు. దశరథుడు చనిపోయేటప్పటికి రాముడు అడవిలో ఉన్నాడు. ఆఖరి చూపు లేదు. దహనం చేసింది భరతుడు. ఆ కబురు చిత్రకూటానికి భరతుడు మోసుకొస్తే, విని రాముడు స్పృహతప్పి పడిపోయాడు. లేచి, ఏడ్చి, మందాకినిలో నీళ్లు వదిలాడు. రాజుకు పెట్టాల్సిన పిండం అడవిలో ఎక్కడిది? తాము తింటున్న గారపిండిలోనే రేగుపండ్లు కలిపి దర్భల మీద పెట్టాడు.

"ఆయనా మొహం చూడలేదా తాతా?"

"చూడలేదు సామీ."

ఆ రాత్రి పిల్లాడు తన కంచంలోని సంగటి ముద్దలో సగం తుంచి, మరుసటి పొద్దున పిట్టగోడ మీద పెట్టాడు. కాకి ముట్టిందాకా అక్కడే నిలబడ్డాడు. ఆ రోజు ఫోను మోగితే లేవలేదు. వాళ్లమ్మ అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నన్ను అడిగితే, దేవుడి మీద నమ్మకం పసివాళ్లకు చేసే పెద్ద మేలు ఇదే. పోయిన మనిషి తిరిగి వస్తాడని రామాయణం ఆశ పెట్టలేదు. నువ్వు పడుతున్న బాధ దేవుడు కూడా పడ్డాడని చెప్పింది. మొక్కాల్సిన రాముడు వాడికి తోటివాడయ్యాడు.

చైత్రంలో పండువెన్నెల రాత్రి ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణం. 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతోంది కాబట్టి జనం కొండంత. ఆ ఏడు మా గుంపుతో పిల్లాడూ వచ్చాడు. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, పక్కన ఆంజనేయుడు ఉండడు. హనుమంతుణ్ణి కలుసుకోకముందు రాముడు ఇక్కడికి వచ్చాడని పెద్దల మాట. పిల్లాడు చాలాసేపు చూసి, "అంటే అప్పటికే వాళ్ల నాయన లేడు గదా తాతా" అన్నాడు. గురువు తల ఊపాడు.

గజ్జె కట్టిన నాడు వాడు పెద్దవాళ్ల మధ్య నిలబడ్డాడు. వాడి అటూ ఇటూ ఉన్నది వాళ్ల నాయనతో కలిసి ఆడినవాళ్లే. అడుగు తప్పితే ఒకాయన మోచేత్తో సర్దాడు, దప్పికైతే ఇంకొకాయన చెంబు అందించాడు. పాట పాటకూ వాడి గొంతు పెరిగింది. నాయనను తలచుకుని ఇప్పటికీ ఏడుస్తాడు. ఏడ్చాక మొహం కడుక్కుని భజనకు వస్తాడు.

మీ ఊళ్లో భజన జరిగేటప్పుడు తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు అరుగు మీద కూర్చుని చూస్తుంటారు. దేవుడు తీసుకుపోయాడని వాళ్లకు చెప్పకండి. చేతికి చెక్కలిచ్చి వరుసలో నిలబెట్టుకోండి.