పాసు చెల్లని ఊరు

మా ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో దూరాన్ని రాత్రుల్లో కొలుస్తారు. విజయనగరం ఒక రాత్రి. తిరుపతి ఒక రాత్రీ, ఒక పగలూ. ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఆరేళ్ళు ఫిట్టరుగా చేసిన మా నాన్న లెక్కలో రైలు పాసు చెల్లని ఊరు ఊరే కాదు.

అమ్మ అండమాన్ అన్నరోజు ఆయన పాత టైంటేబుల్ తీసి పోర్ట్ బ్లెయిర్ కోసం అరగంట వెతికారు. 2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారని చెప్పాను. "అదీ సంగతి!" అని మళ్ళీ 'ఎస్' దగ్గర మొదలెట్టారు.

రైలు లేదని నమ్మించేసరికి సాయంత్రమైంది. ఇక్కణ్ణుంచి హౌరా నూట పదహారు కిలోమీటర్లు, అంతవరకే పాసు. ఆ పైన పన్నెండు వందల చిల్లర కిలోమీటర్ల సముద్రానికి సొంత డబ్బులే.

కోల్‌కతా నుంచి ఓడలో మూడు నాలుగు రోజులు. హుగ్లీలో పోటు చూసుకుని గానీ ఓడ రేవు వదలదన్నాను.

"గార్డు జెండా ఊపడా?"

"బంక్ క్లాసని ఉంది నాన్నా, మన స్లీపర్ లాంటిదే."

"సైడ్ లోయర్ దొరుకుతుందేమో కనుక్కో."

ఇంతకీ అక్కడ చూసేదేమిటన్నారు. సెల్యులర్ జైలన్నాను. "జైలుకోసం సముద్రం దాటాలిట్రా? సైకిలెక్కితే హిజ్లీ!" నిజమే. 1931లో ఖైదీల మీద కాల్పులు జరిగిన ఆ నిర్బంధ శిబిరం ఇప్పుడు ఐఐటీలో మ్యూజియం.

"హిజ్లీలో సముద్రం లేదు కదండీ," అంది అమ్మ. దాంతో విమానం టికెట్లు కొన్నాం.

రెండు గంటల చిల్లరలో దిగాం. మన 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం రికార్డు 2013లో గోరఖ్‌పూర్ పట్టుకుపోయిందని ఇప్పటికీ కుమిలే మనిషి, రన్‌వే ఎంత పొడుగని అడిగారు. మూడింతలన్నాను. ఆ పూట టిఫిన్ ముట్టలేదు.

మర్నాడు సముద్రానికి వెళ్తూంటే ఒక బోర్డు చూసి ఆటో ఆపించారు. రైల్వే రిజర్వేషన్ కౌంటరు! పట్టా లేని ఊళ్ళో! దీవుల వాళ్ళు ఒడ్డు చేరాక ఎక్కబోయే రైళ్ళకి ఇక్కడే టికెట్లు తీసుకుంటారట. నాన్న మొహం వెలిగిపోయింది. జేబులోంచి పాసు తీసి, హౌరా నుంచి ఖరగ్‌పూర్‌కి, రెండు గంటల ప్రయాణానికి, మూడు బెర్తులని ఫారం నింపి క్యూలో నిలబడ్డారు.

అమ్మ ఆటోలో కూర్చునే సముద్రం చూసింది.