ఆన్‌లైన్ మందులు: వినకూడని సలహాలు

"పాత చీటీ ఫొటో పెట్టన్నా, అవే మందులు వస్తయి." సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో బీపీ, షుగర్, థైరాయిడ్ ఉన్న ఇళ్లలో తరచూ వినిపించే సలహా ఇది. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది కూడా ఇదే. రెండేళ్ల కిందటి చీటీలో థైరాయిడ్ బిళ్ల 50 అని ఉంటుంది. మొన్నటి రక్త పరీక్ష చూసి డాక్టరు దాన్ని 75 చేసి ఉంటారు. ఫోన్‌లో ఉన్నది మాత్రం పాత ఫొటోనే. "ఈ చీటీ పాతది కదమ్మా, మళ్లీ చూపించుకున్నారా?" అని అడిగే మనిషి ఉండాలనే, చీటీ మందులు ఫార్మసిస్టు పర్యవేక్షణలోనే ఇవ్వాలని నిబంధన పెట్టారు. అలా అడగని షాపులు మన బజార్లోనూ ఉన్నాయి, అవి చేస్తున్నదీ తప్పే.

"యాప్‌లో అమ్ముతున్నారంటే సర్కారు ఒప్పుకున్నట్టే కదా?" కాదు. మందుల అమ్మకం ఇప్పటికీ 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 1945 నాటి నిబంధనల మీదే నడుస్తోంది. 2018 ఆగస్టులో కేంద్రం ఈ-ఫార్మసీలకు ముసాయిదా నియమాలు తెచ్చింది, ఏళ్లు గడిచినా ఖరారు చేయలేదు. అదే ఏడాది డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది. 2023 ఫిబ్రవరిలో డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ పలు కంపెనీలకు షోకాజ్ నోటీసులిచ్చారు. అయినా యాప్‌లు నడుస్తూనే ఉన్నాయి. ఈ నాన్చుడును క్షమించలేం. దాని నష్టమంతా మందు మింగినవాళ్ల మీదే పడుతుంది.

"కరోనాలో ఇంటికే పంపారు, ఇప్పుడేం అడ్డం?" 2020 మార్చి 26న కేంద్రం ఇచ్చిన ఆ వెసులుబాటులో షరతులున్నాయి. పంపేది లైసెన్సున్న షాపే కావాలి. దీర్ఘకాలిక జబ్బు చీటీ 30 రోజుల లోపుది, తాత్కాలిక జబ్బుదైతే 7 రోజుల లోపుది ఉండాలి. మందు అదే రెవెన్యూ జిల్లా దాటకూడదు. ఆ లెక్కన కోదాడ షాపు సూర్యాపేటకు పంపొచ్చు గానీ, నల్గొండ జిల్లాలో ఉన్న మిర్యాలగూడకు పంపకూడదు. చాదస్తంలా కనిపించినా ఇది మంచి షరతు. తేడా వస్తే ఏ డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఏ షాపు మెట్లెక్కాలో ముందే తెలిసిపోతుంది. ఎక్కడో గోదాంలో కట్టిన పార్సిల్ విషయంలో ఆ సంగతి తేలేలోపు మందు అయిపోతుంది.

"నిద్ర గోలీలకు షాపోళ్లు సవాలక్ష అడుగుతరు, ఆన్‌లైన్‌ల తెప్పించుకో." అడగడం వాళ్ల బాధ్యత. ఆల్ప్రాజోలం, ట్రమడాల్, సెఫిక్సిమ్, టీబీ మందులు షెడ్యూల్ హెచ్1లో ఉన్నాయి. షీటు మీద ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉండేది వీటికే. 2014 మార్చి నుంచి వీటిని అమ్మితే డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చారన్నది రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కరోనా వెసులుబాటు కూడా వీటికి వర్తించలేదు.

"బిల్లెందుకు, రేటు తక్కువుంటే చాలు." అది నకిలీదైతే? 2024 మార్చిలో తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ అధికారులు పట్టుకున్న నకిలీ మాత్రల్లో సుద్ద పొడి, పిండి తప్ప మందు లేదు. చౌకగా కావాలంటే జన ఔషధి కేంద్రానికి వెళ్లండి. ఇంటికి తెప్పించుకున్న మందైతే బిల్లు, బ్యాచ్ నంబరున్న షీటు ముక్క, పార్సిల్ కవరు దాచండి. 2023 ఆగస్టు నుంచి తయారైన పేరున్న 300 బ్రాండ్లకు క్యూఆర్ కోడో బార్‌కోడో ఉండాలి, స్కాన్ చేసి చూడండి. అనుమానమొస్తే ఆ మందు ఆపి డాక్టరుకు చూపించండి. తర్వాత డ్రగ్స్ కంట్రోల్ టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969కు ఫోన్ చేసి బ్యాచ్ నంబరు చదివి చెప్పండి.