డీటీపీ దుకాణమున విండోసు మీమాంస

బెజవాడ గవర్నరుపేటలో, పెండ్లిపత్రికల నమూనాలును ఎన్నికల కరపత్రముల కట్టలును గోడల నాక్రమింపగా మిగిలినచోట మనుష్యులు కూర్చుండు నొక డీటీపీ దుకాణమునందు, తన శతకవ్యాఖ్యానమునకు మూడవ ప్రూఫు దిద్దుకొనవచ్చిన శాస్త్రిగారును, దుకాణదారును, లైనక్సు తప్ప తరణోపాయము లేదని చాటు కరపత్రము నొకదానిని కూర్పించుకొనవచ్చిన యింజనీరింగు ముముక్షువును, ఫార్మాటు కొట్టుటయే సర్వరోగనివారణమని యెఱిగిన మెకానిక్కును ఒక మధ్యాహ్నము కలిసికొనిరి. శాస్త్రిగారి పుట కానరావలసిన తెరపై నల్లదనమును, దాని నడుమ గిరగిర తిరుగు చుక్కలును, అప్‌డేట్లు జరుగుచున్నవి గనుక కంప్యూటరు నాపవలదను నాజ్ఞయు మాత్రమే కానవచ్చుచుండెను.

శాస్త్రి: ఏమయ్యా, నా పదునొకండవ ప్రకరణ మేమైనది? నేను ప్రూఫు దిద్దుటకు వచ్చినవాడను గాని, ఈ నల్లతెర యెదుట జపము చేసికొనుటకు రాలేదు.

దుకాణదారు: కోపపడకండి గురువుగారూ, ఇరువదియేడు శాతమయినది. మొన్ననే మెకానిక్కు దీని కాళ్లు కట్టి పోయినాడు. కట్టు తానే విప్పుకొన్నది.

మెకానిక్కు: సర్వీసు డిసేబుల్ చేసే వెళ్లానండి. మళ్లీ దానంతట అదే లేచింది. పోనీ, ఫార్మాట్ కొట్టేద్దామా?

ముముక్షువు: యజమాని వలదన్నను తనంతట తాను లేచి కూర్చుండు యంత్రమునకు యజమాని యెవ్వడో మీరే యోచించుకొనుడు. 1991లో హెల్సింకీ నగరమున లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి వినోదార్థము మొదలిడిన లైనక్సు, నేడు లోకమందలి మొదటి అయిదువందల సూపరుకంప్యూటర్లన్నిటను, మీ జేబులలోని ఆండ్రాయిడు ఫోనులందును నడుచుచుండగా, మీరింకను 1985 నవంబరులో పుట్టిన యీ విండోసు పాదములను విడువరైతిరి.

దుకాణదారు: అట్లే విడిచెదను బాబూ. నీ లైనక్సులో నా ‘అను’ తెలుగు ఫాంట్లు నడుచునా?

ముముక్షువు: నడువవు. కాని యూనికోడున్నది.

దుకాణదారు: ఆ యూనికోడు నేను పుటలు కూర్చు పేజీమేకరులో నడుచునా?

ముముక్షువు: నడువదు. ఆ పేజీమేకరు 2001 నాటి శవము కదా!

దుకాణదారు: ఆ శవమే మా యింట పొయ్యి వెలిగించుచున్నది నాయనా. ఆ 2001లోనే విండోసు ఎక్స్‌పీ పుట్టినది. పిమ్మట విస్టా వచ్చినది, ఏడు వచ్చినది, 2012లో స్టార్టు బొత్తామును మాయము చేసి, జనులు గగ్గోలుపెట్టగా మరుసటి యేడే దానిని తెచ్చి యథాస్థానమున నిలిపిన ఎనిమిది వచ్చినది, పది వచ్చినది, పదునొకటియు వచ్చినది. ఇందఱు ప్రభువులు మారినను, మెకానిక్కు కంపాటిబిలిటీలో నొక టిక్కు పెట్టినంతనే, నా ముసలి పేజీమేకరును గుమ్మము వెలుపలకు నెట్టినవారు లేరు. ఆ యాపిలువారో, 2019లో కాటలినా యను కొత్తదానిని దింపి, ముప్పదిరెండు బిట్ల ప్రోగ్రాములన్నిటికి నొక్కనాడే నీళ్లు వదలిరి.

(ఇచ్చట వ్రాతగాని మనవి యొకటి కలదు. వాని పక్షపాతము కొంత దుకాణదారువైపే. ఏలయన, గడచిన పాతికేండ్లలో తెలుగున అచ్చయిన పుస్తకములలో అను-పేజీమేకరు దాంపత్యమున పుట్టినవెన్నియో చెప్పనలవికాదు. ఐనను ఆ ఫాంటు లేని వేఱొక యంత్రమున ఆ దస్త్రమును తెఱచినచో, తెలుగక్షరములకు మాఱుగా డాలరు గుర్తులును, నెత్తిన టోపీలు పెట్టుకొన్న రోమనక్షరములును వరుసతీరి కన్పట్టును. ఎక్స్‌పీతోడనే గౌతమి యను యూనికోడు ఫాంటు వేఱుగా వెల లేకయే వచ్చి కూర్చుండగా, దానిని పలుకరింపనివారి దోషమును విండోసు నెత్తికెత్తుట న్యాయముకాదు.)

ముముక్షువు: పాతదానిని పారవేయకుండుట గుణమందురు, రోగమును అదియే. మొన్న కానిస్టేబులుగారి పెండ్లిపత్రికకై ఫోల్డరు తెఱచి, పొడవు తగ్గింపగోరి సి, ఓ, ఎన్ అని మూడక్షరములు కొట్టినప్పు డేమైనది?

మెకానిక్కు: డివైసు పేరు చెల్లదంది. వైరస్సేమో అనుకుని ఫార్మాట్ కొట్టేశాను.

ముముక్షువు: వైరస్సు కాదయ్యా! డాసు కాలమున తెరకును కీబోర్డుకును కలిపి ఆ పేరు కేటాయించిరి. ఆనాటి ప్రోగ్రా మెద్దియైన ఎప్పుడైన ఆ పేరు పెట్టి పిలుచునేమో యని, నలువదియేండ్లు దాటినను ఆ పేరిట ఫోల్డరును గాని ఫైలును గాని పుట్టనీయరు.

శాస్త్రి: పితృదేవతలకు వేసిన విస్తరివలె నున్నది! అందు తప్పేమి? సరే కాని, ఈ అప్‌డేటును శాశ్వతముగా నాపరాదా?

ముముక్షువు: ఆపినవారి గతి 2017 మే నెలలో చూచితిమి. వనాక్రై యను వైరస్సు వచ్చి దస్త్రములకు తాళము వేసి, విడుదలకు సొమ్మడిగినది. దానికి విరుగుడు అంతకు రెండునెలల ముందు, మార్చిలోనే, మైక్రోసాఫ్టు పంపియుండెను, వేసికొననివారు చిక్కుకొనిరి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు అందుండెను.

శాస్త్రి: రామరామ! అట్లయిన వేసికొనుటయే క్షేమము.

దుకాణదారు: ఏమి క్షేమము గురువుగారూ? 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అను భద్రతాసంస్థ పంపిన సవరణ నొకదానిని అడుగకయే మ్రింగి, ఇంచుమించు 85 లక్షల విండోసు యంత్రములు నీలితెర వేసికొని కూలబడినవి. మన విమానాశ్రయములలో బోర్డింగుపాసులు చేత వ్రాసి యిచ్చిరి.

ముముక్షువు: అది మైక్రోసాఫ్టు పంపినది కాదు.

దుకాణదారు: పంపినవాడెవడైననేమి, కెర్నెలుదాక వానిని రానిచ్చిన దెవరు?

శాస్త్రి: అనగా, వేసికొననివాడు దొంగలపాలు, వేసికొన్నవాడు కాపలావానిపాలు.

దుకాణదారు: ఏది యెట్లున్నను, 2014 నుండి మైక్రోసాఫ్టున కధిపతి మన హైదరాబాదున పుట్టిన సత్య నాదెళ్లగారు. మనవాని సరుకును మనమే కాదనుకొందుమా?

ముముక్షువు: మనవాని సరుకునకు వెల యిచ్చితిరా? ఆ మూలనున్న పాతయంత్రపు తెరమీద, క్రింద కుడివైపున, విండోసును యాక్టివేటు చేయుడని వేడుకొను బూడిదరంగు వ్రాతపైని కదా మీరు వేంకటేశ్వరస్వామి స్టిక్కరంటించినది!

దుకాణదారు: (స్టిక్కరువంక చూచి చెంపలు వేసికొని) ఆయన చూచుకొనుచున్నాడు.

ముముక్షువు: ఎంతకాలము? ఆ మూలదానిలో నున్నది పది. దానికి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పదునొకటి వేయుదమన్న, టీపీఎం 2.0 అను చిప్పు లేదని గడప త్రొక్కనీయదు. పాతదానిని పారవేయని ప్రభువని మీరింతసేపు పొగడినవాడు, పాత ప్రోగ్రామును కడుపున దాచుకొని, చక్కగా పనిచేయు యంత్రమును మాత్రము పాతసామానులవానికి వేయుమనుచున్నాడు.

దుకాణదారు: పారవేయుట మా వంశమున లేదు. దానికి నెట్టు తీగయే పెఱికివేసితిని. అప్‌డేటు రాదు, వైరస్సు రాదు, యాక్టివేషను గొడవ అమెరికాకు తెలియదు. గురువుగారూ, ఈ నల్లతెర యిప్పుడిప్పుడే తెమలదు. మీ గ్రంథపు ప్రతి యింకొకటి మీయొద్ద నున్నదా? మూలదానిలో తెఱచెదను.

శాస్త్రి: (ఉత్తరీయపు కొంగుముడి విప్పి) ఉన్నది, పెన్‌డ్రైవులో నున్నది. నిన్న మా మనుమడు దీనిని కాలేజీకి, అచ్చటినుండి జిరాక్సు కొట్టునకు, పిమ్మట వాని మిత్రుల గదికి కొనిపోయి తెచ్చినాడు. నాటినుండి ప్రతి ఫోల్డరు మూలను చిన్నబాణపుగుర్తు మొలచినది. చూడ ముచ్చటగనే యున్నది.

ముముక్షువు: అయ్యో, ఆగుడు! పెట్టకుడు!

(దుకాణదారు అప్పటికే పెట్టి, బాణము మీద రెండుమారులు నొక్కియుండెను.)

మెకానిక్కు: (కుర్చీ దగ్గరకు లాగికొని) డేటా సీ డ్రైవులో ఉందా అన్నా, డీలో ఉందా?