అప్ప మత్తు అమ్మ

పావగడకు మూడు వైపులా ఆంధ్ర, పరిపాలన తుమకూరు. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, సంతలో ఏది ముందు నోటికొస్తే అది. ఆ సాయంత్రం ఏడో తరగతి చదివే మావాడు గొంతెత్తి చదువుతున్నాడు: "అప్ప మత్తు అమ్మ సంతెగె హోదరు."

మా అమ్మ ధర్మవరం మనిషి. నలభై ఏళ్ళుగా ఇక్కడున్నా కన్నడాన్ని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది.

"ఏం రా, మీ నాయన చుక్క ముట్టినోడు కాదు. మత్తంటావేమి?"

"మత్తు అంటే 'మరియు' అవ్వా!"

"మరియు అంటే?"

వాడు నా వైపు చూశాడు. నిజమే, మా ఇంట్లో 'మరియు' అని ఎవరూ అనగా వాడు వినలేదు. అది పెళ్ళిపత్రికల్లోనూ ప్రభుత్వ కాగితాల్లోనూ కాపురముండే మాట.

మర్నాటికి 'నన్న ఊరు' మీద ప్రబంధం రాయాలట. ప్రబంధమంటే పెద్దన మనుచరిత్ర గుర్తొచ్చి ఒక్క క్షణం ఛాతీ ఉప్పొంగింది. కన్నడంలో ప్రబంధమంటే వ్యాసమేనని గుర్తొచ్చి మళ్ళీ మామూలైంది. మేష్టరు రెండు నియమాలు పెట్టారు. వాక్యానికీ వాక్యానికీ నడుమ ఒక జోడింపు మాట ఉండాలి. ప్రతి వస్తువుకూ ఒక వర్ణన తగిలించాలి. వాడు రాసింది తెలుగులో ఇలా ఉంటుంది:

"నా ఊరు పావగడ. అది అతి సుందరం. అంతేకాక, చుట్టూ పచ్చపచ్చని పొలాలు. అంతేకాక, జుళుజుళు పారే నది. మా ఊళ్ళో ప్రసిద్ధమైన శని మహాత్మ దేవాలయం ఉంది. కాబట్టి వానలు రావు."

మా అమ్మ లెంపలేసుకుంది.

"కాబట్టి ఎక్కడ్నించి వచ్చిందిరా?" అన్నాను.

"అంతేకాక అప్పుడే రెండుసార్లు అయిపోయింది నాయనా."

జుళుజుళు సంగతీ అడిగాను. నాగలమడికె దగ్గర ఉత్తర పినాకిని ఉన్నమాట నిజమే కానీ, వాడు పుట్టాక అది జుళుజుళుమనగా నేను వినలేదు. పక్కింటి పాపదీ చూశాను. అక్కడా జుళుజుళే.

కాబట్టికి అసలు చోటు చూపించాను. వాన తక్కువ, ఎండ మస్తు, నేల చదును. కాబట్టి అయిదు ఊళ్ళ రైతుల దగ్గర సుమారు 13 వేల ఎకరాలు కౌలుకు తీసుకుని 2,050 మెగావాట్ల సోలార్ పార్కు కట్టారు. 2018లో అది మొదలైంది. వాడు ఆవలించాడు. మెగావాట్లతో నిద్రపోని పిల్లవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

అప్పుడు మా అమ్మ అందుకుంది. "మీ తాత సంగతి రాయి. శెనక్కాయ ఏస్తే వాన రాలే. రాకపోతే బోరు ఏయించె. ఏయిస్తే నీళ్ళు పడలే. నీళ్ళు పడకపోయినా అప్పు పడె."

ఒక్క అంతేకాక లేదు! జోడింపంతా క్రియల తోకల్లోనే ఉంది. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో చేదర్థకమనీ అప్యర్థకమనీ పేర్లు పెట్టింది ఈ తోకలకే. మా అమ్మకు ఆ పేర్లు చెబితే మందుల పేర్లనుకుంటుంది. కన్నడానిదీ ఇదే సొగసు, ఎంతైనా తోబుట్టువు కదా.

"ఎండ ఎట్లుంటుందో రాయి చూద్దాం," అన్నాను.

"అతి భయంకరం."

"దయ్యమా భయంకరమనేకి?" అంది మా అమ్మ. "చెప్పుల్లేకుండా వాకిట్లో నిలబడి రాపో." వాడు వెళ్ళాడు, ఎగురుకుంటూ వచ్చాడు. "సుర్రుమంది అవ్వా!"

"అదీ. నేల?"

"నెర్రెలిచ్చింది."

"మబ్బు?"

"మొహం చాటేసింది," అన్నాను నేను. నన్నెవరూ అడగలేదనుకోండి.

రాత్రి కూర్చుని అవన్నీ కన్నడంలోకి దించి, తాత బోరుతో సహా ఒకటిన్నర పుట రాశాడు. చదువుతుంటే నాకే గొంతు పట్టుకుంది. వచ్చిన మార్కులు పదికి ఆరు. ఉపసంహారం లేదట, 'ఒట్టినల్లి' అని మొదలుపెట్టి చివర ఒక వాక్యం తప్పనిసరట. మొత్తమ్మీద అని దాని అర్థం.

వాడు ఉస్సూరుమంటూ పెన్ను తీసి, రాస్తూ పైకి చదివాడు: "ఒట్టినల్లి, నన్న ఊరు అతి సుందర."

"అంత కష్టం చెప్పి, చివరికి ఒట్టి నల్లేనా?" అంది మా అమ్మ. అంటూనే లేచి, ఎందుకైనా మంచిదని పరుపెత్తి చూసింది.