పసిరికల మందు ఆదివారమే ఇస్తారు

ఎవరో ఒకాయన ఏటా ఎండాకాలం ముందు సోమశిల రేవులో నిలబడి, కృష్ణలో గుప్పెడు అక్షింతలు చల్లి, "సంగమేశ్వరం గుడిని పైకి తేల్చింది నేనే" అన్నాడనుకోండి. పుట్టీ నడిపే పిల్లాడు కూడా నవ్వుతాడు. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గితే గుడి బయటపడుతుంది, పెరిగితే మునుగుతుంది. మధ్యలో ఈయనెవరు? అదే పెద్దమనిషి నాలుగు రోజుల పసిగుడ్డు నాలుక మీద ఆకు పసరు చుక్క వేసి, పది రోజులకు పచ్చదనం పోయాక "నా చేతి మహిమ" అంటే మాత్రం ఎవరం నవ్వం. టెంకాయ, తువ్వాల, నూటపదహార్లు పెట్టి దండం పెట్టుకొని వస్తాం.

నెలలు నిండి పుట్టిన పిల్లల్లోనే సగానికి పైగా రెండో రోజో మూడో రోజో పచ్చబడతారు. పసిరికలన్నా కామెర్లన్నా ఇదే. ఎర్ర రక్తకణాలు విరిగితే బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థం వస్తుంది. దాన్ని బయటికి తోయడం పసి కాలేయానికి అప్పుడే చేతకాదు. నాలుగైదు రోజులకు పచ్చదనం బాగా ముదురుతుంది, చాలామందికి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. ఇంత నమ్మకంగా పోయే జబ్బు దొరికితే ఎవరైనా వైద్యుడే. వీధిలో గాడిదను తోలుకొచ్చి ఉగ్గుగిన్నెడు పాలు పిండి అమ్మేవాడూ వైద్యుడే, మెడలో దండ వేసేవాడూ వైద్యుడే. ఇక మామిడి బెరడు రసం పూసిన చేతుల మీద సున్నపు నీళ్లు పోసి, పచ్చగా కారిన నీటిని చూపించి "కామెర్లు దిగినయ్" అనే ఆయన ప్రొఫెసర్. కొల్లాపూర్ చుట్టూ ఉన్న మామిడి తోటలు చూస్తే ఆయన చదువుకు ముడిసరుకు కొదవ లేదు.

ఇంట్లో వైద్యం సంగతీ చూద్దాం. బిలిరుబిన్ బయటికి పోయే దారి ముఖ్యంగా మలం. పుట్టిన బిడ్డ నల్లటి మలాన్ని త్వరగా కదిలించే మందు తల్లి రొమ్ములోనే తయారుగా ఉంటుంది. దాని పేరు ముర్రుపాలు. మనం దాన్ని "చెడ్డపాలు" అని పిండి పారబోసి, చక్కెర నీళ్లు తాగిస్తాం. చక్కెర నీళ్లతో కడుపు నిండుతుంది, పచ్చదనం తగ్గదు, రొమ్ము పట్టాల్సిన నోరు నిద్రపోతుంది. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగాల్సిన పిల్లాడు నాలుగుసార్లకే సరిపెట్టుకుంటే, చూడవచ్చిన చుట్టాలు "ఎంత బుద్ధిమంతుడో, ఏడ్వనే ఏడ్వడు" అని మెటికలు విరుస్తారు. పచ్చదనం ఎక్కువైన బిడ్డ మగతగా ఉంటుంది, మగతలో పాలు తాగదు, తాగకపోతే పచ్చదనం ఇంకా ఎక్కుతుంది. ఈ సుడిలో బిడ్డ తిరుగుతుంటే మనకు బుద్ధిమంతుడు కనిపిస్తాడు.

"ఎండ చూపించమని డాక్టర్లే అన్నారు కదా" అంటారు. నిజమే, కథ ఎండతోనే మొదలైంది. 1950లలో ఇంగ్లండ్‌లోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్లేది. ఎండ తగిలినచోట చర్మం తెల్లబడి, గుడ్డ కప్పినచోట పచ్చగానే మిగిలింది. ఆ గమనింపు నుంచే 1958లో దీపాల వైద్యం వచ్చింది. మనం ఆమె కనిపెట్టిన దాంట్లోంచి గుడ్డను మాత్రం తీసుకున్నాం. కుల్లా, మేజోళ్లు, తువ్వాల, ఆపైన దుప్పటి చుట్టి వాకిట్లో కూర్చుంటే ఎండ తగిలేది ముక్కు కొనకు. ముక్కుకు కామెర్లు తగ్గుతాయేమో. ఆసుపత్రిలో కళ్లకు గంతలు కట్టి, ఒంటి మీది బట్టలు విప్పి, నీలి దీపాల కింద పడుకోబెడతారు. ఎంత తగ్గిందో రక్తం పరీక్షతో చూస్తారు.

ఇంతకీ మందాయన నియమం ఏమిటంటే ఆదివారం, పొద్దు పొడవకముందు, పరగడుపున. మంగళవారం పుట్టి బుధవారానికే పచ్చబడిన పిల్ల సంగతి? మొదటి 24 గంటల్లో కనిపించే పచ్చదనం మామూలుది కాదు. రక్తం గ్రూపులు పడకపోవడం వంటివి దాని వెనక ఉండొచ్చు. అరికాళ్ల దాకా పచ్చదనం దిగినా, పాలు మానినా, ఏడుపు కీచుగా మారినా, ఒళ్లు విల్లులా వెనక్కి వంగినా అప్పటికప్పుడు ఆసుపత్రికి బయల్దేరాల్సిందే. హద్దు దాటిన బిలిరుబిన్ మెదడుకెక్కితే చెవుడు, చేతులూ కాళ్లూ మాట వినకపోవడం జీవితాంతం మిగులుతాయి. నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో 2022లోనే సర్కారు మెడికల్ కాలేజీలు తెరిచారు. అక్కడ వారాలతో పని లేదు. మన పిల్ల మాత్రం "ఇంకా నాలుగు దినాలే కదా, ఆదివారం పోదాం తియ్" అనే మాట విని ఇంట్లోనే ఉంటుంది.

మందు పారితే మహిమ. పారకపోతే? దానికీ జవాబు సిద్ధం. "పథ్యం తప్పిన్రు. బాలింత పప్పు తిన్నదా?" పురుడైన నాటి నుంచి వెల్లుల్లి కారం మెతుకులతో, కొలిచి పోసిన నీళ్లతో బతికిన ఆ పిల్ల తల్లి, ఆకలికి ఒక ముద్ద పప్పన్నం తిన్న పాపానికి, ఇంటిల్లిపాది ముందూ తల వంచుకుంటుంది. మందాయన తువ్వాల దులుపుకొని, రెండో మోతాదు వచ్చే ఆదివారం అంటాడు.