13.6 వోల్టులు

పూతలపట్టు దాటి పాకాల వైపు వెళ్తే రోడ్డుకు కాస్త లోపలగా ఒక ఊరుంది. పేరు చెప్పను, చెబితే ఇందులోని అవ్వ ఎవరో తెలిసిపోతుంది. ఆ ఊరి చివర ఇనప కంచె మధ్య ఒక ఆటోమేటిక్ వాతావరణ కేంద్రం. నిలువుగా ఒక స్తంభం, దాని మీద చిన్న సోలార్ ప్యానెల్, గాలి వేగాన్ని కొలిచే గిన్నెలు, నడుముకు తాళం వేసిన ఇనప డబ్బా, పక్కనే వాన కొలిచే పరికరం. డబ్బాలో 12 వోల్టుల సీల్డ్ బ్యాటరీ, లెక్కలు దాచే లాగర్, వాటిని సెల్‌ఫోన్ సిగ్నల్ మీద పైకి పంపే మోడెమ్ ఉంటాయి.

ఇక్కడికి దగ్గర్లోనే గాదంకిలో 53 మెగాహెర్ట్‌జ్ ఎంఎస్‌టీ రాడార్ ఉంది. ఆకాశంలో కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు కదులుతోందో అది పసిగడుతుంది. అంతటి రాడార్ పక్కనే ఉన్నా, ఈ ఊరి చేలల్లో నిన్న రాత్రి ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో చెప్పాల్సింది మాత్రం ఈ కంచెలోని డబ్బానే. రైతు అర్జీ నిలబడేదీ పడిపోయేదీ దాని అంకెల మీదే. అందుకే ఇలాంటి చోటికి రిపేరుకు పిలిస్తే నేను కాదనను.

ఫిర్యాదు చిన్నదే. రాత్రిళ్లు లెక్కలు రావడం లేదు, పొద్దున మళ్లీ వస్తున్నాయి. నాకంటే ముందు వచ్చి చూసినవాళ్లు డబ్బాలోని పుస్తకంలో ‘ప్యానెల్ తుడిచాము, బ్యాటరీ బాగుంది’ అని రాసి సంతకం పెట్టి వెళ్లారు.

నేను వెళ్లింది సంక్రాంతికి ముందు, మంచి ఎండ వేళ. మల్టీమీటర్ పెడితే బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, వైరు అవతలి కొసన లాగర్ దగ్గర 13.5. రెంటికీ తేడా పెద్దగా లేదంటే దారిలో ఫ్యూజూ వైర్లూ బాగున్నట్టే. టెర్మినల్‌కు కాస్త చిలుము పట్టి ఉంటే గీకేశాను. పరికరం చక్కగా పనిచేస్తోంది. ఆ అంకెలు మాత్రమే చూసే మనిషి ‘బాగుంది’ అనే రాస్తాడు.

కంచెకు ఆనుకునే ఒక పెంకుటిల్లు. దాని అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం చెరుగుతున్న అవ్వ చాలాసేపు నన్ను చూసి, ‘ఆ ఎర్ర బుడ్డి చూసినావా నాయనా?’ అంది.

లాగర్ మీద పనిచేస్తున్నంతసేపూ మినుకుమినుకుమనే చిన్న ఎర్ర దీపం ఉంది. డబ్బా మూతకున్న అద్దంలోంచి అది బయటికి కనిపిస్తుంది.

‘ముందరైతే తెల్లార్లూ మినుకుతా ఉండేది. ఇప్పుడు కోడి కూసే యాళకు ఉండేదిల్యా. పొద్దు బాగా ఎక్కినాక మళ్లా ఎలగతాది.’

‘ఇంతకుముందు వచ్చినవాళ్లకు చెప్పలేదా అవ్వా?’

‘అడిగితే కదా. ఎండలో వొచ్చినారు, ఎండలోనే పాయినారు.’

జబ్బు ఏమిటో ఆ ఒక్క మాటతో సగం తెలిసిపోయింది. ఎండ ఉన్నంతసేపూ మీటరు చూపించే వోల్టేజీ ఒక్క బ్యాటరీది కాదు, దాన్ని చార్జ్ చేస్తున్న ప్యానెల్‌ది కూడా. పక్కవాడి భుజం పట్టుకుని నిలబడ్డ మనిషిని చూసి, ఇతను ఊరిదాకా నడవగలడని రాసిచ్చినట్టు ఉంటుంది ఆ రీడింగ్. ప్యానెల్ వైరు ఊడదీసి బ్యాటరీని కొంతసేపు ఒంటరిగా ఉంచితే 12.6 చూపింది. అదీ చూడ్డానికి బాగానే ఉంది. అప్పుడు కారు హెడ్‌లైటు బల్బు ఒకటి దానికి తగిలించాను. బాగున్న బ్యాటరీ అయితే ఆ బల్బును సులువుగా మోస్తుంది. ఇది చూస్తూ ఉండగానే 10 దాకా జారిపోయింది.

అయినా ఆ రాత్రి అక్కడే ఉండి చూడాలనుకున్నాను, పగటి పరీక్షా అవ్వ మాటా ఒకదానికొకటి సరిపోతాయో లేదో కళ్లారా చూస్తే తప్ప కొత్త బ్యాటరీ కోసం రాయడం నాకిష్టం లేదు. చీకటి పడేసరికి 12.4. అర్ధరాత్రికి 11.8. మోడెమ్ గంటకోసారి లెక్కలు పంపేటప్పుడు ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, ఆ క్షణంలో వోల్టేజీ అడుగుకు పోతుంది. తెల్లవారుజామున మోడెమ్ అలా పంపబోయింది, ఎర్ర దీపం ఆరిపోయింది. ఊళ్లో కోళ్లు అప్పుడే కూయడం మొదలెట్టాయి.

బ్యాటరీ ఎందుకిలా అయిందో చెప్పడం కష్టం కాదు. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 25 డిగ్రీల వేడి హాయి, అక్కడినుంచి ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుందని లెక్క. చిత్తూరు ఎండాకాలంలో ఆ ఇనప డబ్బా లోపల చెయ్యి పెట్టలేం. ఆ తర్వాత ముసురు రోజులు. చార్జింగ్ చాలక బ్యాటరీ సగం ఖాళీగానే రోజుల తరబడి ఉంటే లోపలి పలకలకు సల్ఫేటు గట్టిగా పేరుకుంటుంది, ఆమేరకు దాని కడుపు కుదించుకుపోతుంది. ఈ సీమకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన ముఖ్యం. బంగాళాఖాతంలో వాయుగుండం పడిందంటే వరసగా కొన్ని రోజులు సూర్యుడు కనిపించడు. అంటే వాన లెక్క కావలసిన రోజుల్లోనే ఈ బ్యాటరీ చేతులెత్తేస్తుంది.

లాగర్‌లోని పాత లెక్కలు తీసి చూశాను. వానా వేడిమీ పక్కన బ్యాటరీ వోల్టేజీని కూడా అది గంట గంటకూ రాసుకుంటుంది, తనిఖీకి వచ్చే ప్రతివాడూ ముందు చూడాల్సింది ఆ వరసే. కార్తీకమాసంలో వాయుగుండం పడినప్పటి పేజీలో మూడు రోజుల మబ్బు తర్వాత ఒక సాయంత్రం 11.9, ఆ తర్వాత 11.5, రాత్రి తొమ్మిదింటికి 11.1. అక్కడినుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా గళ్లన్నీ ఖాళీ.

వాన కొలిచే గిన్నెకు కరెంటు అక్కర్లేదు. నిర్ణీత కొలత నీళ్లు నిండగానే దానంతట అదే ఒరుగుతుంది, ఒరిగినప్పుడల్లా దానికున్న అయస్కాంతం ఒక స్విచ్‌ను తాకినట్టు దాటుతుంది, ఆ దాటడాన్ని లాగర్ లెక్కపెడుతుంది. లాగర్ ఆగిపోయిన ఆ రాత్రి కూడా గిన్నె ఒరుగుతూనే ఉండి ఉంటుంది. లెక్కపెట్టేవాడే లేడు.

నమోదు కాకపోవడం వేరు, సున్నా నమోదు కావడం వేరు. ఖాళీ గడిని పట్టికలోకి ఎక్కించేటప్పుడు సున్నా చేసే అలవాటును నేను చాలాచోట్ల చూశాను. అది రాసేవాడి చేతి సోమరితనం, దాని ఖర్చు పడేది మాత్రం రైతు మీద.

కొత్త బ్యాటరీ వచ్చింది. బల్బు పెట్టి పరీక్షించాకే బిగించాను. మర్నాడు కోడి కూసే వేళకు దీపం వెలుగుతూనే ఉంది, రాత్రి లెక్కలన్నీ గంట తప్పకుండా వెళ్లాయి. పుస్తకంలో పగలు ఎంత, రాత్రి ఎంత, లోడు మీద ఎంత అని మూడూ విడివిడిగా రాశాను. కంచెకు తాళం వేస్తుంటే అవ్వ లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చింది.

‘ఆ వానకు మా చెనిక్కాయ కుప్ప తడిసి మొలకలొచ్చేసినాయి నాయనా. చెట్లు పీకి చేలోనే కుప్పేసి ఉన్నాం. ఒక్క కాయ ఇంటికి రాలేదు. ఆ రేత్రి గూడా ఆ బుడ్డి ఎలగలేదు, నేను అరుగు మింద కూచోని చూస్తానే ఉండా. పరిహారానికి అర్జీ పెడితే ఈ కాయితం ఇచ్చినారు. ఏం రాసినారో ఒకసారి చదివి చెప్పు.’

ఒక పేజీ జవాబు, దానికి పిన్ను కొట్టిన జెరాక్సు కాపీ ఒకటి. ఆ రాత్రి మీ గ్రామ కేంద్రంలో వర్షపాతం 0.0 మిల్లీమీటర్లు. మీరు ఫిర్యాదు చేసినందున కేంద్రాన్ని ప్రత్యేకంగా తనిఖీ చేయించడమైనది. పరికరం సక్రమంగా పనిచేస్తున్నట్టు తేలినందున మీ అర్జీ తిరస్కరించడమైనది.

జెరాక్సు కాపీ ఆ తనిఖీది. బ్యాటరీ బాగుంది, 13.6 వోల్టులు. తనిఖీ సమయం, మధ్యాహ్నం 12.40.