చిరునామా: వంతెన కింద

లైంగిక నేరస్థుల రిజిస్టర్లో పేరెక్కడం శిక్ష కాదట, ఉత్త నమోదేనట. అమెరికా సుప్రీంకోర్టు 2003లో అలాస్కా కేసులో తేల్చిన మాటిది. రేషన్ కార్డులో పేరెక్కడం లాంటిదన్నమాట! కాకపోతే ఈ కార్డుకి బియ్యం రావు. ఫోటో, ఇంటి నంబరు ఇంటర్నెట్‌కెక్కుతాయి, ఇల్లు అద్దెకిచ్చేవాడు తలుపేసుకుంటాడు. శిక్ష కాదు గనుక పాత కేసులకూ వర్తింపజేయొచ్చు. చట్టసభ బుద్ధి పుట్టినప్పుడల్లా నాలుగు షరతులు కలుపుకోవచ్చు.

మయామీ-డేడ్ కౌంటీకి అలాగే బుద్ధి పుట్టింది. బడికి 2,500 అడుగుల లోపు వీళ్లు కాపురం ఉండకూడదంది. బడి బడికీ సున్నా చుట్టుకుంటూ పోతే మ్యాపులో మిగిలిన చోట్లలో ఒకటి, సముద్రపు పాయ మీది జూలియా టటిల్ వంతెన అడుగు. ఊరు పొమ్మంది, వంతెన రమ్మంది. 2010 దాకా పదుల మంది అక్కడే గుడారాలేసుకున్నారు. కొందరికి డ్రైవింగ్ లైసెన్సు మీద చిరునామా కూడా ఆ వంతెనే. నేరస్థుడు ఎక్కడున్నాడో జనానికి తెలియాలన్నదే కదా చట్టం కోరిక, తెలిసింది!

లాస్ ఏంజెలెస్ ఇంకా తెలివైనది. 2013లో అక్కడ బుల్లి పార్కులు కట్టడం మొదలెట్టారు. పిల్లలు ఆడుకోవడానికి అనుకునేరు. పార్కు దగ్గర వీళ్లు ఉండకూడదని చట్టం, కాబట్టి పార్కు వెలిస్తే వీళ్లు ఖాళీ చేయాలి. ఉయ్యాలతో ఇల్లు ఖాళీ చేయించిన ఘనత ఇంకే ఊరికుంది?

ఇంత హడావుడికి ఆధారమేమిటయ్యా అంటే, చికిత్స అందకపోతే వీళ్లలో 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారన్న లెక్క. 2002లో సుప్రీంకోర్టు తీర్పులోకీ ఎక్కింది. ఆరా తీస్తే దాని మూలం 1986 నాటి ఒక మ్యాగజైన్ వ్యాసం. చికిత్సా కార్యక్రమం నడిపే ఆసామి రుజువేమీ చూపకుండా రాసిన వాక్యం. ప్రభుత్వం సొంతంగా లెక్కేస్తే, 1994లో విడుదలైనవాళ్లలో మూడేళ్లలోపు మళ్లీ లైంగిక నేరం కింద అరెస్టయింది 5.3 శాతం. పైగా పిల్లల మీద చేయి వేసేవాళ్లలో పదికి తొమ్మిదిమంది మామయ్యో, పక్కింటి అంకులో, ట్యూషన్ మాస్టారో. ఇంటిదొంగను ఈశ్వరుడే పట్టలేడంటే, పార్కులో ఉయ్యాల పడుతుందా?

మనకీ 2018 నుంచి జాతీయ డేటాబేస్ ఉంది. మొదలైననాడే 4.4 లక్షల పేర్లు. చూడగలిగింది పోలీసులే. అందరికీ తెరవండనే కేక అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. తెరిచాక అడుగుల కొలత రాకుండా ఉంటుందా? హైదరాబాదులో 2,500 అడుగులు కొలిస్తే బడీ అంగన్‌వాడీ తగలని చోటు బహుశా హుస్సేన్‌సాగర్ నడిమధ్య. అక్కడ ఇప్పటికే బుద్ధుడున్నాడు.